బాయి, గుండము, ఏఱు: పెద్దపల్లి జిల్లా చరిత్ర స్వభావములపై ఒక సమీక్ష

వేసవి ముదిరినదనగా రేడియోలో వాతావరణ వార్తలు వినువారికి రామగుండము పేరు తప్పక వినబడును. విద్యుత్తునకు కొఱత ఏర్పడినదనగా రామగుండములో ఏ యూనిట్టు ఆగినదోయను ప్రశ్న పుట్టును. ఈ రెండు సందర్భములలో తప్ప ఆ పేరు తలచుకొనని తెలుగువారు నేటికిని పెక్కుమంది యుందురు. కాని ఆ ప్రాంతమునుగూర్చి వ్రాసినవారు తక్కువవారు కారు. పురావస్తు పరిశోధకులు, భూగర్భశాస్త్రజ్ఞులు, కార్మికసంఘముల చరిత్రకారులు, కథకులు, నిర్వాసితుల పక్షమున వాదించినవారు, ఎవరి త్రోవన వారు వ్రాసిరి. 2016 అక్టోబరు 11వ తేదీన కరీంనగరునుండి విడదీసి పెద్దపల్లి జిల్లాను ఏర్పరచిన పిమ్మట, అంతవఱకు వేఱువేఱు అరలలో నుండిన ఈ రచనలన్నియు ఒకే పేరు క్రిందికి వచ్చి పడినవి. పడగానే ఒకదానితో నొకటి పొసగకపోయినవి.

2011 జనాభా లెక్కలనుబట్టి ఈ జిల్లా జనసంఖ్య 7,95,332. ఇందు మూడింట ఒక వంతునకు కొంచెము తక్కువగా ఒక్క రామగుండము నగరముననే యున్నారు. వాడుకలో ఖని యనబడు గోదావరిఖని ఆ నగరములోని భాగమే. అయినను జిల్లా కేంద్రము రామగుండము కాదు. కాజీపేట–బల్లార్షా రైలుమార్గముపైని కూడలియు, చుట్టుపట్ల వరిపొలములకు అంగడియు నైన పెద్దపల్లి. తూర్పున వేదవిద్యకు పేరొందిన మంథని యున్నది. ఒక్క గీతలో ఇమిడిన ఈ మూడు ఊళ్ళ స్వభావములు మూడు. జిల్లాకు స్వభావ మొకటి కలదా, కలదేని అది దేనినుండి పుట్టినదియను ప్రశ్నకు ఇంతవఱకు వచ్చిన సమాధానములను నాలుగు మార్గములుగా విభజింపవచ్చును.

శాతవాహన మార్గము

మొదటి మార్గమువారికి ఈ నేల తెలుగుదేశ చరిత్రకు పుట్టినిల్లు. వారి ప్రమాణములు గట్టివే. ఎలిగేడు మండలములోని ధూళికట్టయందు 1970లలో జరిగిన తవ్వకములలో మట్టికోట, దాని చేరువను బౌద్ధస్తూపము, పడగవిప్పిన ముచిలింద నాగుని చెక్కిన శిలాఫలకము వెలువడినవి. ఆంధ్రులకు ప్రాకారములు గల ముప్పది నగరములున్నవని ప్లినీ వ్రాసిన మాటను ఈ మట్టికోటతో ముడిపెట్టినవారును కలరు. పెద్దపల్లికి చేరువనున్న పెద్దబొంకూరులో ఇటుకలతో కట్టిన బావులు, కమ్మరి కొలిమి ఆనవాళ్ళు, వేలకొలది శాతవాహన నాణెములు లభించినవి. రాజధానియో, స్కంధావారమో కాక, ఇనుము కాచి పనిముట్లు చేసికొని బ్రదికిన సామాన్యజనుల ఊరు ఇక్కడ కనబడుటయే పెద్దబొంకూరు విశేషమని నా తలంపు. బౌద్ధశిల్పమునకు దక్కిన ప్రచారము ఆ కొలిమికి దక్కకపోవుట విచారింపదగినది.

ఈ మార్గమునకు గల చిక్కు ఎల్లలతో వచ్చినది. వీరి వాదమునకు మూలస్తంభమైన కోటిలింగాల, శాతవాహన వంశ స్థాపకుడైన సిముకుని నాణెములు దొరకిన ఆ గోదావరి తీరగ్రామము, క్రొత్త విభజనలో జగిత్యాల జిల్లాలోనికి పోయినది. అంతేకాక, ఇరువది టి.ఎం.సి.ల నీరు నిలుపుటకై గోదావరిపై కట్టిన శ్రీపాద ఎల్లంపల్లి జలాశయపు వెనుకనీరు ఆ ప్రాచీనస్థలము అంచులను తాకినది. వర్తమానపు దాహమునకు ప్రాచీనము బలియగుట ఎట్లుండునో చెప్పుటకు ఇంతకంటె దృష్టాంతము వెదుకనక్కఱలేదు.

ఇదే మార్గమున నడచిన కొందఱు మఱి రెండడుగులు ముందునకు వేసి, ఈ జిల్లాలోని రామగిరి దుర్గమే కాళిదాసుని యక్షుడు శాపకాలము గడపిన రామగిరి యందురు. పండితులలో అధికసంఖ్యాకులు నాగపురము చెంతనున్న రామటేకు పక్షమున నుండగా, ఈ వాదమును స్థానికాభిమానముగా గౌరవించి విడుచుటయే మేలు. రామగిరికి ఓషధీవృక్షముల కొండగా, కోటగోడల కొండగా నుండు గౌరవము చాలును. రామగుండమునకు పేరిచ్చిన రాముని గుండములును ఇట్టివే. భక్తులకు అవి పుణ్యజలములు, చరిత్రకారునికి మాత్రము ఒక ఊరి పేరునకు ఆధారములు.

ఈ మార్గపు అసలు లోపము మఱియొకటి. ధూళికట్ట స్తూపమునకు, మొదటి బొగ్గు టబ్బు పైకి వచ్చిన దినమునకు నడుమ దాదాపు రెండు వేల ఏండ్లు గడచినవి. అంత కాలమును ఒక్క దూకున దాటి, శాతవాహనుల వారసులే నేటి ఖని ప్రజలనుట చరిత్రమనిపించుకొనదు. ఖనిలో పెక్కు కుటుంబములు రెండు మూడు తరముల క్రిందట ఎక్కడెక్కడినుండియో వచ్చినవే.

నిర్మాణ మార్గము

రెండవ మార్గమువారు ఆ వచ్చుటనుండియే కథ ప్రారంభింతురు. ప్రాణహిత–గోదావరి లోయలోని గోండ్వానా శిలలలో నిద్రించిన బొగ్గును 1871లో ఇల్లెందు ప్రాంతమున భూగర్భ సర్వేకు చెందిన డాక్టరు విలియం కింగు గుర్తించుట, 1886లో ఇంగ్లండున స్థాపితమైన హైదరాబాదు దక్కన్ కంపెనీ తవ్వకపు హక్కులు పొందుట, 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడుట, 1945లో నైజాము ప్రభుత్వము దాని వాటాలలో అధికభాగమును కొనుట, ఇవి ఆ కథలోని మొదటి ఘట్టములు. సింగరేణి యనునది ఖమ్మము వైపునున్న ఒక గ్రామము పేరు. తాము ఎన్నడును చూడని ఊరి పేరును ఖని ప్రజలు తమ జీవనాధారమునకు పేరుగా పలుకుచుండుటలో ఈ ప్రాంతపు స్వభావము కొంత దాగియున్నది.

బొగ్గు తవ్వకము దక్షిణమునుండి ఉత్తరమునకు ప్రాకినది. ఇల్లెందు, కొత్తగూడెము, నది కావలనున్న బెల్లంపల్లి, మందమఱ్ఱి, వీని తరువాత 1960ల ఆరంభమున రామగుండము వంతు వచ్చినది. ఉత్తరభారతమును దక్షిణభారతముతో కలుపు కాజీపేట–బల్లార్షా రైలుమార్గము 1929 నాటికే పూర్తియై యుండెను గనుక బొగ్గు పోవుటకు త్రోవ సిద్ధముగా నున్నది. గోదావరి ప్రక్కనే యున్నది గనుక ఆవిరికి నీటికొదువ లేదు. నీరు, బొగ్గు, రైలు, ఈ మూడును ఒక్కచోట కలియుట అరుదు. 1969లో బసంతనగరమున సిమెంటు కర్మాగారము, 1971లో 62.5 మెగావాట్ల ‘బి’ తాపవిద్యుత్కేంద్రము, 1980లో బొగ్గునుండి యూరియా తీయు ఎరువుల కర్మాగారము, 1978లో శంకుస్థాపన పొంది 1983నుండి విద్యుత్తు నిచ్చుచు క్రమముగా 2600 మెగావాట్లకు పెరిగిన ఎన్.టి.పి.సి. కేంద్రము, వరుసగా వెలసినవి. నిర్మాణమార్గమువారికి రామగుండము స్వతంత్రభారతము తనచేతితో దిద్దుకొన్న ఊరు.

ఇది కాదనరాని మాట. కాని ఇందులో ఒక సూక్ష్మమును వారు ఉపేక్షించిరి. రామగుండములో వెలసినది ఒక నగరము కాదు, కాలనీల సమూహము. గనుల క్వార్టర్లు, ఎన్.టి.పి.సి.వారి జ్యోతినగరము, ఎరువులవారి కాలనీ, ఎనిమిదవ ఇంక్లైను పేరనే స్థిరపడిన ‘ఎయిటింక్లైన్ కాలనీ’, ఒక్కొక్కదానికి దాని బడి, దాని ఆస్పత్రి, దాని క్లబ్బు, దాని గేటు. నడుమ మిగిలిన సందులలో అంగళ్ళు, అద్దెయిండ్లు, గుడిసెలు పెరిగి, వాటికి ఖని యని పేరు వచ్చినది. ఒకే సైరను విని మేల్కొనినను, ఏ సంస్థ ఉద్యోగియనుదానినిబట్టి ఇంటికి వచ్చు నీటి ధార మాఱెడిదనుట అతిశయోక్తి కాదు.

ఎరువుల కర్మాగారము కథ ఈ మార్గమునకు పాఠ్యభాగమును, ఎదురు దెబ్బయును. బొగ్గుపై ఆధారపడిన ఆ యంత్రవిధానము నష్టములలో కూరుకొని 1999 మార్చి 31న మూతపడెను. దాదాపు పదునాఱేండ్లు తుప్పుపట్టిన గొట్టములను చూచిన ఊరికి, 2015లో రామగుండం ఫెర్టిలైజర్స్ అండ్ కెమికల్స్ అను సంయుక్తసంస్థ ఏర్పడుట, 2021 మార్చిలో ఏటా 12.7 లక్షల టన్నుల సామర్థ్యముతో ఉత్పత్తి ప్రారంభమగుట ఊఱట కలిగించినది. అయితే ఈ క్రొత్త కర్మాగారము త్రాగునది బొగ్గు కాదు, తూర్పుతీరమునుండి గొట్టపుమార్గమున వచ్చు సహజవాయువు. బొగ్గునేలపై బొగ్గు నక్కఱలేని కర్మాగారము నిలిచినది!

శ్రామిక మార్గము

గనిలో పనిచేయువారు గనిని గని యనరు, ‘బాయి’ యందురు. పల్లెలో నీటికై దిగిన బావి పేరే బొగ్గుకై దిగిన బావికిని వచ్చినది. ‘బాయిపని’ దొరకినవాడు పల్లెలోని దొర పొలమునుండి విముక్తుడైనట్లే భావింపబడెడివాడు. కరీంనగరు, వరంగల్లు, ఆదిలాబాదు జిల్లాల పల్లెలనుండి వచ్చి, తట్టాచెమ్మస్ పట్టి టబ్బులు నింపిన ఫిల్లర్లును, బదిలీ కార్మికులుగా మస్టరుకై పడిగాపులు పడినవారును, కప్పుకు కఱ్ఱదన్ను నిలిపిన టింబర్‌మన్లును ఈ మార్గమువారి కథానాయకులు. పల్లె వెట్టినుండి పారిపోయినవారు షిఫ్టు సైరనునకు కట్టుబడిరా, లేక జీతపు దినమున తమ చేతిలో పడిన నోట్లతో మొట్టమొదటిసారి స్వతంత్రులైరా యనుదానిపై వీరిలో వీరికే ఏకాభిప్రాయము లేదు. ఈ జిల్లా పల్లెల పోరాటములను ‘కొలిమంటుకున్నది’ నవలగా మలచిన అల్లం రాజయ్యవంటి కథకులు పల్లెకును బాయికిని నడుమనున్న బంధమును చూపినంత స్పష్టముగా సంఘముల చరిత్రలు చూపలేదు.

ఈ మార్గమునకు కేంద్రఘట్టము 1981 నాటి 56 దినముల సమ్మె. అనుమతిలేని సమ్మెకు ఒక దినమునకు ఎనిమిది దినముల వేతనము కోయు నిబంధనపై లేచిన ఆ సమ్మె, ఆపై సింగరేణి కార్మిక సమాఖ్య పుట్టుకకు దారితీసినది. ఆ సమాఖ్య మూలమున ఖని కొన్ని దశాబ్దములపాటు నక్సలైటు ఉద్యమమునకును పోలీసు నిర్బంధమునకును రంగస్థలమైనది. దీనిని కార్మికుల ఆత్మగౌరవమునకు తొలి ఉదయమని కొందఱును, సంఘజీవనమును భయము క్రమ్మిన కాలమని కొందఱును వ్రాసిరి. రెండును ఒకే వీధిలో జరిగినవి. 1998లో గుర్తింపు సంఘమును రహస్య ఓటుతో ఎన్నుకొను పద్ధతి వచ్చుట, 2011 సెప్టెంబరులో ప్రారంభమైన సకలజనుల సమ్మెలో బొగ్గు కదలకుండ కార్మికులు ప్రత్యేక రాష్ట్రవాదమునకు తోడగుట, 2023 డిసెంబరు ఎన్నికలలో ఏ.ఐ.టి.యు.సి. తిరిగి గెలుచుట, ఈ చరిత్రలోని తరువాతి ఘట్టములు.

ఖని కార్మికుని జీవితమును మరణము ఎంత చేరువనుండి చూచుచుండునో తెలుపుటకు రెండు తేదీలు చాలును. 2003 జూన్ 16న ఏడవ ఎల్.ఇ.పి. గనిలోనికి నీరు విరుచుకపడి 17 మంది మృతిచెందిరి. 2022 మార్చిలో అడ్రియాల గనిలో కప్పు కూలి ముగ్గురు మరణించిరి.

శ్రామికమార్గము మఱచినవారు ఇద్దఱు. ఒకరు స్త్రీలు. 1952 గనుల చట్టము భూగర్భములో స్త్రీలను పనికి నిషేధింపగా, ఆ నిషేధము సడలుటకు 2019 వఱకు పట్టినది. పురుషుడు బాయిలో నుండగా ఇల్లు, పిల్లలు, చిట్టీలు, అప్పులు నడపిన ఆమె చరిత్ర సంఘముల కరపత్రములలో దొరకదు. రెండవవారు కాంట్రాక్టు కార్మికులు. 1990ల తొలినాళ్ళలో లక్షను మించియుండిన సింగరేణి కార్మికుల సంఖ్య నేడు నలుబది వేల చుట్టుపట్ల నున్నది. పని మాత్రము తగ్గలేదు. చేయువారి చొక్కాపైనుండి సంస్థ పేరు తొలగినది.

నిర్వాసిత మార్గము

నాలుగవ మార్గము వయస్సులో చిన్నది, స్వరములో తీవ్రమైనది. 1970ల నడుమ సింగరేణిలోకెల్ల మొదటి ఓపెన్‌కాస్టు రామగుండముననే ప్రారంభమైనది. నేలకు చిన్న నోరు చేసి లోనికి దిగుట మాని, పైపొరనంతటిని పెకలించి ప్రక్కన గుట్టగా పోయుట ఈ పద్ధతి. ఆ మట్టిగుట్టలు నేడు రామగిరి కొండకు పోటీవచ్చునట్లు పెరిగినవి. పేలుళ్ళకు గోడలు బీటలువారుట, చెలమలును బావులును ఎండుట, దుమ్ము క్రమ్ముట, ఊరికి ఊరు లేచిపోవుట, దీనితోపాటు కుందనపల్లి ప్రక్కనున్న విద్యుత్కేంద్రపు బూడిదచెఱువు, ఎల్లంపల్లి ముంపు, ఇవన్నియు ఈ మార్గమువారి ఆరోపణపత్రములోని అంశములు. విద్యుత్తు దేశమునకు, బూడిద మాకు. ఇది వారి వాదసారము.

దీనికి సంస్థ పక్షమువారు ఇచ్చు జవాబును తోసిపుచ్చుట సులువు కాదు. భూగర్భ గనిలో టన్ను బొగ్గు తీయుటకగు వ్యయము అమ్ముడుధరను మించుచున్నది. 1990లలో సంస్థ రోగగ్రస్తమై కేంద్రపు పునరుద్ధరణ మండలి గడప త్రొక్కినది. నేడు ఏడాదికి ఏడు కోట్ల టన్నుల ఉత్పత్తియు, అందువలన కార్మికులకు పంచు లాభాల వాటాయు ప్రధానముగా ఓపెన్‌కాస్టుల చలువయే. పైగా కప్పుకూలి చచ్చువారి సంఖ్య అందు తక్కువ. ఈ చివరి మాట వినినప్పుడు నిర్వాసితమార్గమువారు మౌనము వహింతురు. అయితే సంస్థవారును మౌనము వహించు ప్రశ్న యొకటి కలదు: బాయి మూసినచోట వేలమంది కార్మికులకు పని పోగా, ఓపెన్‌కాస్టు వారిలో ఎందఱకు పని ఇచ్చినది? లాభాల వాటా పొందు కార్మికుడును, భూమి కోల్పోయిన రైతును ఒకే కుటుంబములోని అన్నదమ్ములగుట ఖని చుట్టుప్రక్కల వింత కాదు. తండ్రి వారసత్వ ఉద్యోగము పెద్దవానికి, తాత భూమికి వచ్చిన పరిహారము చిన్నవానికి. ఇట్టి యింటిలో ఓపెన్‌కాస్టు మంచిదా చెడ్డదా యను చర్చ భోజనమువేళ ఎట్లు ముగియునో ఊహింపవలసినదే.

తారతమ్యము

మొదటి మార్గమునకు జిల్లా ఒక నేల, రెండవదానికి ఒక పథకము, మూడవదానికి ఒక జనసమూహము, నాలుగవదానికి ఒక గాయము. మొదటిది పెద్దపల్లి, మంథని తాలూకాలను చక్కగా వివరించి రామగుండమువద్ద మూగవోవును. రెండవదియు మూడవదియు రామగుండమును వివరించి, మంథని అగ్రహారమును, ఓదెల మల్లన్న జాతరను, పెద్దపల్లి వడ్లమార్కెటును చూడవు. నాలుగవది మాత్రము పల్లెను బాయిని ఒకే వాక్యములో నిలుపగలిగినది. కాని అది నష్టమును తప్ప మఱియొకదానిని లెక్కింపదు. నష్టముతోపాటు వచ్చిన బడులను, కూలినాలి చేసినవారి పిల్లలు ఇంజనీర్లగుటను అది పద్దులో వ్రాయదు. ఈ నాలుగింటిలో దేనికిని ఖని వీధులలో వినబడు భాష, పలుతావుల యాసలు కలిసి ఏర్పడిన ఆ తెలుగు, ఇంక్లైను, షిఫ్టు, మస్టరు, హాలరు మున్నగు ఆంగ్లపదములను అత్తాకోడళ్ళ మాటలలోనికిని తెచ్చుకొన్న ఆ తెలుగు, విషయము కాకపోవుట ఆశ్చర్యము.

నల్లసముద్రపు తోబుట్టువు

ఇట్టి తగవు మనకే ప్రత్యేకము కాదు. తుర్కీ దేశమున నల్లసముద్రతీరపు జోంగుల్దాక్ జిల్లా బొగ్గువలన పుట్టినదే. అక్కడ ఉస్మానియా ప్రభుత్వము 1867 నాటి శాసనముతో చుట్టుపట్ల గ్రామముల పురుషులను వంతులవారీగా గనులలో నిర్బంధశ్రమకు దింపినది. అందుచేత ఆ కార్మికుడు సగము కాలము రైతు, సగము కాలము గనివాడు. అతని ఊరు ఏది యను ప్రశ్న అక్కడి చరిత్రకారులను నేటికిని వేధించుచున్నది. మన ఖని కార్మికుడు నిర్బంధముచే కాక, పల్లె నిర్బంధమును తప్పించుకొనుటకై వచ్చినాడు. ఇది పెద్ద భేదము. 1991 జనవరిలో జోంగుల్దాక్ కార్మికులు కుటుంబములతో రాజధాని అంకారా వైపు కాలినడకన సాగిన వృత్తాంతము చదివిన ఖని వాసికి మాత్రము ఆ భేదమంతగా తోచకపోవచ్చును.

తేలని ప్రశ్నలు

మొదటిది ఎల్లలను గూర్చినది. రెవెన్యూ పటముపై గోదావరి ఈ జిల్లాకు ఉత్తరపుటెల్ల. నది కావల మంచిర్యాల జిల్లా. కాని రామగుండం పోలీసు కమిషనరేటు రెండు జిల్లాలను కలిపి పాలించుచున్నది. పెద్దపల్లి లోక్‌సభ నియోజకవర్గమున మంథని, రామగుండములతోపాటు ఆవలియొడ్డు చెన్నూరు, బెల్లంపల్లి, మంచిర్యాలలును కలవు. బొగ్గుపొర నదిక్రిందుగా సాగునట్లే పోలీసులును, ఓట్లును నదిని దాటినవి. కలెక్టరు కచేరి మాత్రము దాటలేదు. ‘కోల్‌బెల్టు’ అను మాటకు జిల్లా అను మాటకంటె ఇక్కడ ప్రాణమెక్కువ యనువారి పక్షమున ఇది బలమైన సాక్ష్యము.

రెండవది బొగ్గు తరువాతి కాలమును గూర్చినది. ‘బి’ కేంద్రము శాశ్వతముగా ఆగినది. ఎన్.టి.పి.సి. జలాశయముపై 100 మెగావాట్ల సౌరఫలకములు తేలుచుండగా, ఆ ప్రక్కనే 2023, 2024 సంవత్సరములలో 800 మెగావాట్ల బొగ్గు యూనిట్లు రెండు జాతికంకితమైనవి. సింగరేణి చూపు ఒడిశాలోని నైనీ గనివైపు పోయినది. ఒకేచోట మూయుట, తెఱచుట, మఱియొకచోటికి పోవుట, ఈ మూడు పనులు ఏకకాలమున జరుగుచుండగా ముగింపును గూర్చి శాస్త్రీయముగా చెప్పబూనినవారు తొందరపడినవారే యగుదురు.

మూడవది చిన్నదిగా కనబడునుగాని, నా దృష్టిలో తక్కినవానికంటె మౌలికమైనది. ఉద్యోగవిరమణ పొందిన కార్మికుడు సంస్థ క్వార్టరును ఖాళీచేయవలెను. ముప్పది ఐదేండ్లు ఒక గుమ్మమున ముగ్గువేసిన ఇల్లాలు ఆ గుమ్మమును విడిచి ఎక్కడికి పోవును? పుట్టిన పల్లెలో ఇల్లు కూలి యుండును, లేదా ఆ పల్లెయే లేచిపోయి యుండును. అందుచేత పెక్కుమంది సంస్థకు చెందిన భూమిలోనో, దాని అంచుననో గోడలు లేపుకొని ఖనిలోనే నిలిచిపోయిరి. ఆ గోడలకు పట్టా కావలెనని అడిగిరి. కొన్నిచోట్ల వచ్చినది, కొన్నిచోట్ల రాలేదు. శాతవాహనులకు నాణెము, సంస్థకు గనులహక్కు పత్రము, సంఘమునకు జెండా సాక్ష్యములైనట్లు, వీరికి ఆ పట్టాకాగితమే చరిత్రలో సాక్ష్యము. జిల్లా స్వభావమును గూర్చి వ్రాయబూనిన తరువాతి రచయిత ధూళికట్టకును జనరల్ మేనేజరు కార్యాలయమునకును పోవుటకు ముందు, ఆ దరఖాస్తుల కట్టలను విప్పి, ‘స్వగ్రామము’ అనుచోట ఎవరెవరు ఏమి వ్రాసిరో చదువవలసి యున్నది.